సర్వర్ పడిపోతే గేటు లేవాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటానండి, ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తా. మా అమ్మకి వారానికి రెండు సార్లు డయాలసిస్, మంగళవారం ఒకసారి శుక్రవారం ఒకసారి. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి, పొడుగైపోతే మీరే కట్ చేసుకోండి, కానీ టోల్‌గేట్ రూల్ గురించి రాసిన ముక్క మాత్రం తీసేయొద్దు, అదే అసలు విషయం.

మేము వెళ్ళే హాస్పిటల్ సెల్లార్ పార్కింగ్‌లో ఇంతకుముందు ఒక పెద్దాయన టోకెన్ పుస్తకం పట్టుకుని కూర్చునేవాడు. పసుపు టోకెన్లు, మధ్యలో కార్బన్ పేపర్, బండి నంబర్ చివరి నాలుగు అంకెలు పెన్సిల్‌తో రాసి చించి ఇచ్చేవాడు, వెళ్ళేటప్పుడు టోకెన్ ఇచ్చి డబ్బులిస్తే అయిపోయేది. ఆరు నెలల కింద ఆయన్ని తీసేసి గేటు దగ్గర కెమెరా పెట్టారు, అది నంబర్ ప్లేట్ చదువుతుంది, మనం యాప్‌లోనో స్తంభం మీద ఉన్న క్యూఆర్ స్కాన్ చేసో కడితే బ్యారియర్ లేస్తుంది. క్యాష్ తీసుకోబడదు అని బోర్డు. నిజం చెప్పాలంటే నాకు బాగానే అనిపించింది, చిల్లర గొడవ లేదు, ఎంత సేపు ఉన్నామో ఫోన్‌లోనే కనపడేది, అమ్మని వీల్‌చైర్ నుంచి కారులోకి ఎక్కిస్తూ ఉండగానే డబ్బులు కట్టేసేదాన్ని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం కిందకి వచ్చేసరికి గేటు దగ్గర పది పన్నెండు కార్లు ఆగున్నాయి. నేను అప్పటికే కట్టేశా, 40 రూపాయలు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ కూడా వచ్చింది, కానీ యాప్‌లో మాత్రం ఆ గుండ్రటిది తిరుగుతానే ఉంది, గేటు లేవలేదు. డయాలసిస్ అయ్యాక అమ్మకి బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి, తొందరగా ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టాలి. సెల్లార్‌లో గాలాడదు, వెనకాల వాళ్ళు ఇంజన్లు ఆపకుండా హారన్లు కొడుతున్నారు, పొగకి అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని సీట్లో పక్కకి ఒరిగిపోయింది. గేటు దగ్గర ఒక కుర్రాడు, ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో, అక్కా నా చేతిలో ఏం లేదక్కా, పైనుంచి వాళ్ళు తీస్తేనే లేస్తది అంటాడు. వాడు సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే సిస్టంలో ఎంట్రీ పడకుండా ఒక్క బండి కూడా వదలొద్దు అన్నాడంట. నేను క్యాష్ ఇస్తా రెండోసారి కడతా అన్నా, తీసుకోడానికి వాడికి పర్మిషన్ లేదు. వాడిని తిట్టి లాభం లేదు, వాడికి చెమటలు పడుతున్నాయి, అందరూ వాడి మీదే అరుస్తున్నారు.

ముప్పావు గంట. చివరికి ఒక పెద్దమనిషి తన కారు డిక్కీలోంచి స్పానర్ తీసి ఆ ఎర్ర తెల్ల చారల కర్రకి మొదట్లో ఉన్న బోల్టులు విప్పాడు, నలుగురు పట్టుకుని కర్ర ఎత్తి గోడకి ఆనించారు. అప్పుడు కదిలాయి బండ్లు. ఇంటికి వెళ్ళాక అమ్మ సాయంత్రం దాకా మంచం దిగలేదు.

తర్వాత మంగళవారం వెళ్తే సాంకేతిక కారణాల వల్ల అసౌకర్యం అని ఒక కాగితం అంటించారు. నేను వదల్లేదు, యాప్ వాళ్ళ కస్టమర్ కేర్‌కి ఐదారు సార్లు ఫోన్ చేశా, ఆఖరికి ఒక అమ్మాయి మేడమ్ సర్వర్ మీద సైబర్ ఎటాక్ జరిగింది, అంతకన్నా మాకు కూడా ఏం చెప్పలేదు అంది. ఏ డేటా పోయింది, నా ఫోన్ నంబర్ కారు నంబర్ పోయాయా అంటే జవాబు లేదు. ఇంకో వారానికి నా వాట్సాప్‌కి ట్రాఫిక్ చలానా అని ఒక మెసేజ్ వచ్చింది, నా కారు నంబర్ పక్కాగా రాసి, ఫొటో చూడాలంటే ఈ ఫైల్ ఇన్‌స్టాల్ చేసుకోండి అని ఒక ఏపీకే ఫైల్. ఇలాంటి చలానా మోసాల గురించి మీ పేపర్లోనే చదివా కాబట్టి ముట్టుకోలేదు. వాళ్ళకి నా నంబర్ ఆ పార్కింగ్ నుంచే వెళ్ళిందని నేను అనట్లేదు, రుజువు లేదు. కానీ వెళ్ళిందో లేదో తెలుసుకునే దారి కూడా నాకు లేదు కదండీ, నా బాధ అది.

అట్లాంటా దగ్గర ఉండే మా తమ్ముడికి ఇదంతా చెబితే అక్కా ఇది అక్కడ ఎప్పుడో జరిగింది అని పార్క్‌మొబైల్ సంగతి చెప్పాడు. అది అట్లాంటా కంపెనీనే, అమెరికాలో చాలా ఊళ్ళలో రోడ్డు పక్క పార్కింగ్‌కి ఆ యాప్‌తోనే కడతారు, అక్కడున్న మనవాళ్ళలో చాలామంది ఫోన్లలో ఉంటుంది. 2021 మార్చిలో వాళ్ళు వాడే వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న లోపం గుండా దొంగలు దూరి దాదాపు 2 కోట్ల 10 లక్షల మంది వివరాలు ఎత్తుకెళ్ళారు. కారు నంబర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్ళు, కొంతమందివి ఇంటి అడ్రసులు కూడా. పాస్‌వర్డ్‌లు నేరుగా చదవడానికి వీల్లేకుండా మార్చి దాచారు కాబట్టి కొంత నయం, కార్డు నంబర్లు పోలేదని కంపెనీ చెప్పింది. ఆ డేటా నేరగాళ్ళ ఫోరంలో అమ్మకానికి పెట్టారు. కోర్టు కేసు నడిచి 3 కోట్ల 28 లక్షల డాలర్లకి రాజీ అయింది, ఇంత చేస్తే చాలామందికి చివరికి దక్కింది ఆ యాప్‌లోనే వాడుకోవాల్సిన ఒక్క డాలర్ క్రెడిట్. నాలుగేళ్ళ తర్వాత. ఒక్క డాలర్. అప్పటి రేటులో మన డబ్బుల్లో వంద రూపాయలు కూడా కాదు.

ఆ పార్క్‌మొబైల్‌ని 2021లోనే యూరప్‌కి చెందిన ఈజీపార్క్ గ్రూప్ కొనుక్కుంది, ఆ ఈజీపార్క్ మీద 2023 డిసెంబర్ 10న ఇంకో దాడి బయటపడింది, ఈసారి యూరప్ కస్టమర్ల పేర్లు, అడ్రసులు, ఫోన్లు, కార్డు నంబర్లలో కొన్ని అంకెలు. అంటే ఒక ఊళ్ళో టోకెన్ పుస్తకం పోతే ఆ ఊళ్ళో ఆ రోజు వచ్చిన బండ్ల నంబర్లే పోతాయి, కానీ ఇప్పుడు ఎన్నో దేశాల టోకెన్ పుస్తకాలు ఒకే బీరువాలో పెట్టేస్తున్నాం, ఆ బీరువా ఎక్కడుందో కూడా మనకి తెలీదు.

అసలు ఒక కారు నంబర్ తీసుకుని ఏం చేసుకుంటారులే అనుకుంటాం. నేను కూడా అలానే అనుకున్నా ఆ చలానా మెసేజ్ వచ్చేదాకా. ఉత్త ఫోన్ నంబర్‌కి మెసేజ్ వస్తే మనం నమ్మం, అదే మన బండి నంబర్ సరిగ్గా వేసి పంపితే చెయ్యి దానంతట అదే లింకు మీదకి పోతుంది. పైగా పార్కింగ్ యాప్ దగ్గర మనం ఏ రోజు ఏ టైమ్‌కి ఎక్కడున్నామో ఉంటుంది. మా అమ్మ డయాలసిస్ టైమింగ్స్ ఆ యాప్‌కి మా చుట్టాల కన్నా బాగా తెలుసు, ఆ టైమ్‌లో మా ఇంట్లో ఎవరూ ఉండరని కూడా తెలుసు.

యాప్ లేకుండా స్తంభం మీద క్యూఆర్ స్కాన్ చేసినా భద్రం అనుకోవద్దు. 2021 డిసెంబర్ నుంచి 2022 జనవరి మధ్య టెక్సాస్‌లో శాన్ ఆంటోనియో, ఆస్టిన్ ఊళ్ళలో పార్కింగ్ మీటర్ల మీద దొంగ క్యూఆర్ స్టిక్కర్లు దొరికాయి, ఒక్క ఆస్టిన్‌లోనే 29. అసలు ఆస్టిన్ సిటీ అప్పట్లో తన మీటర్లకి క్యూఆర్ వాడేదే కాదు. ఇది చదివాక నేను మా సెల్లార్ స్తంభం దగ్గరకి వెళ్ళి ఆ స్టిక్కర్ అంచు గోటితో గీరి చూశా, కింద ఇంకో స్టిక్కర్ ఉంది. అది కంపెనీ వాళ్ళే పాతదాని మీద కొత్తది వేసి ఉండొచ్చు, కానీ అక్కడ నిలబడ్డ నాకు ఏది అసలు ఏది నకిలీ ఎలా తెలుస్తుంది చెప్పండి, స్కాన్ చేశాక వచ్చే పేరు కూడా ఏదో ప్రైవేట్ లిమిటెడ్ అని వస్తుంది, హాస్పిటల్ పేరు రాదు.

ఇదంతా ఎలా పనిచేస్తుందో మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ చూసే అబ్బాయిని కూర్చోబెట్టి అడిగా. ఫోన్ నొక్కగానే అది ఎక్కడో ఉన్న సర్వర్‌కి పోతుంది, అక్కడి నుంచి పేమెంట్ కంపెనీకి, అక్కడి నుంచి బ్యాంకుకి, మళ్ళీ అదే దారిన వెనక్కి వచ్చి గేటుకి చెబుతుంది లేవమని. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా గేటు లేవదు. లంకె తెంచడానికి ముఖ్యంగా రెండు పద్ధతులంట. ఒకటి, ఎక్కడెక్కడో వైరస్ పట్టిన వేల కంప్యూటర్లతో ఒకేసారి ఆ సర్వర్‌ని అడిగించడం, సంక్రాంతి ముందు రోజు ఎంజీబీఎస్ బస్టాండ్‌లో ఒకే కౌంటర్ మీద ఊరంతా పడితే నిజంగా టికెట్ కావాల్సినోడు కిటికీ దాకా కూడా పోలేడు కదా, అలా. రెండోది రాన్సమ్‌వేర్, మన ఫైళ్ళకి వాడు తాళం వేసి తాళంచెవికి డబ్బులడగడం.

ఈ రెండోది మన దేశంలో జరగలేదా అంటే జరిగింది. 2024 జులై ఆఖర్లో చిన్న బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ ఇచ్చే సీ-ఎడ్జ్ అనే కంపెనీ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే మిగతా బ్యాంకులకి పాకకుండా యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ దాన్ని పేమెంట్ నెట్‌వర్క్ నుంచి విడదీసింది, దాంతో దాని మీద ఆధారపడ్డ దాదాపు 300 చిన్న బ్యాంకుల కస్టమర్లకి ఆగస్టు 1 దాకా యూపీఐ పనిచేయలేదు. ఎక్కువగా సహకార బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులే. విడదీయడం కరెక్టే, నేను తప్పు పట్టట్లేదు. కానీ ఆ రోజు ఆ బ్యాంకు అకౌంట్ ఉన్న మనిషి, జేబులో వంద రూపాయల నోటు ఉండి కూడా, క్యాష్ తీసుకోబడదు అన్న సెల్లార్‌లోకి బండి దింపి ఉంటే? మన తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటానే 2024లో ఒక స్టూడెంట్ బయటికి లాగి అమ్మకానికి పెట్టాడు, పట్టుకున్నారు అనుకోండి. పోలీసు యాప్‌కే అలా అయితే కాంట్రాక్టర్ పార్కింగ్ యాప్ ఎంత.

కాబట్టి దాడులు జరగవు అనుకుని ఏదీ కట్టకూడదు. జరిగిన రోజు ఏం చేయాలి అన్నది ముందే రాసి పెట్టుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో సిటీ రైళ్ళూ పార్కింగ్ మీటర్లూ రెండూ చూసే సంస్థ ఒకటే, 2016 నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగ రోజుల్లో దాని కంప్యూటర్లకి రాన్సమ్‌వేర్ పట్టింది, 100 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి రేటులో దాదాపు 73 వేల డాలర్లు అడిగారు. వాళ్ళు ఏం చేశారంటే టికెట్ మెషీన్లు ఆపేసి స్టేషన్ గేట్లు తెరిచేశారు, జనం ఫ్రీగా తిరిగారు, రైళ్ళు ఆగలేదు, ఈలోగా బ్యాకప్‌ల నుంచి సిస్టం తిరిగి తెచ్చుకున్నారు, డబ్బులు కట్టలేదు. లండన్ రవాణా సంస్థ మీద 2024 సెప్టెంబర్‌లో దాడి జరిగినప్పుడు కూడా బస్సులు రైళ్ళు నడుస్తూనే ఉన్నాయి, బ్యాంకు వివరాలు బయటపడి ఉండొచ్చు అనుకున్న దాదాపు 5 వేల మందికి విషయం నేరుగా తెలియజేస్తామని సంస్థే బయటికి చెప్పింది. మా హాస్పిటల్ గోడ మీద కాగితం గుర్తు చేసుకోండి ఒకసారి.

ఇక ఆ టోల్‌గేట్ రూల్. దీనికోసం అమెరికా లండన్ దాకా పోనక్కర్లేదు, మన హైవే మీదే ఉంది. మా లారీల ఫాస్టాగ్ లెక్కలు రోజూ నేనే చూస్తా కాబట్టి నాకు తెలుసు. 2018 మే నెలలో కేంద్రం నేషనల్ హైవే ఫీజు రూల్స్ మార్చి ఏం రాసిందంటే, బండికి పనిచేసే ఫాస్టాగ్ ఉండి, అందులో సరిపడా బ్యాలెన్స్ ఉండి, టోల్‌గేట్ వాళ్ళ మెషీన్ చెడిపోవడం వల్ల డబ్బు కట్ కాకపోతే, ఆ బండిని ఏ ఫీజు లేకుండా వదిలేయాలి, జీరో ట్రాన్సాక్షన్ రసీదు తప్పనిసరిగా ఇవ్వాలి. అంటే తప్పు వాడి మెషీన్‌ది అయితే నష్టం వాడిదే, బండిది కాదు. మా డ్రైవర్లకి ఈ రూల్ కాగితం ప్రింట్ తీసి లామినేషన్ చేయించి ఇచ్చా, అడ్డం తిరిగిన చోట చూపించమని. ఇంకోటి కూడా గమనించండి, విజయవాడ రోడ్డులో వెళ్తుంటే పంతంగిలో గేటు లేస్తుంది, డబ్బు కట్ అయిన మెసేజ్ ఒక్కోసారి చిట్యాల దగ్గర టీ తాగుతుంటే వస్తుంది. ఎందుకంటే అక్కడ ప్రతి బండికీ బ్యాంకుని అడిగి గేటు తీయరు, ఏ ట్యాగులు చెల్లవో ఆ లిస్టు టోల్‌గేట్ కంప్యూటర్‌లోనే ముందే దింపుకుని ఉంటారు, బండిని వదిలి లెక్క తర్వాత పంపుతారు. వందల రూపాయల టోల్‌కే అంత నమ్మకం ఉన్నప్పుడు 40 రూపాయల పార్కింగ్‌కి ఒక పేషెంట్‌ని ముప్పావు గంట పొగలో కూర్చోబెట్టడం ఏంటండీ? కెమెరా నా నంబర్ ప్లేట్ ఫొటో తీసే ఉంది. నన్ను వదిలేసి తర్వాత అడిగితే ఇవ్వనా?

నేను అడిగేది కొత్త చట్టం కాదు. జీహెచ్ఎంసీ గానీ ఏ మున్సిపాలిటీ గానీ, ప్రభుత్వ స్థలం పార్కింగ్ ఎవరికైనా కాంట్రాక్ట్ ఇచ్చేటప్పుడు ఆ టోల్‌గేట్ రూల్‌నే అగ్రిమెంట్‌లో ఒక లైన్‌గా రాయాలి, సిస్టం పనిచేయకపోతే గేటు ఎత్తి ఉంచాలి, జీరో రసీదు ఇవ్వాలి, తర్వాత ఫైన్ వేయకూడదు. ప్రైవేట్ హాస్పిటళ్ళకీ మాల్స్‌కీ కూడా ఇదే రూల్ పెట్టాలి, అది ప్రభుత్వం చేతిలో లేని పనేం కాదు, 2018 మార్చిలో జీవో 63 ఇచ్చి మాల్స్, మల్టీప్లెక్స్‌లలో మొదటి అరగంట ఫ్రీ, గంట లోపు ఏ బిల్లు చూపించినా ఫ్రీ, గంట దాటితే పార్కింగ్ ఫీజు కన్నా ఎక్కువ బిల్లు ఉంటే ఫ్రీ అని చెప్పింది మన రాష్ట్ర మున్సిపల్ శాఖే కదా. (ఆ జీవో ప్రకారం బిల్లు చూపించాలంటే చూడ్డానికి ఒక మనిషి ఉండాలి, మనుషుల్ని తీసేసి కెమెరా పెట్టిన చోట ఆ బిల్లు ఎవరికి చూపించాలో కూడా ఎవరైనా అడిగితే బాగుండు.)

గేటు దగ్గరున్న కుర్రాడికి కర్ర ఎత్తే తాళంచెవి ఇవ్వాలి, దాంతో పాటు ఎత్తే అధికారం కూడా ఇవ్వాలి. ఆ రోజు వాడు గేటు తీసి ఉంటే వాడి జీతంలో కోస్తారని భయం, అది వాడి మొహంలోనే కనపడింది. ఒక టోకెన్ పుస్తకం క్యాబిన్‌లో ఉంచడానికి ఎంత ఖర్చవుతుంది? క్యాష్ తీసుకునే మనిషి ఒక్కరైనా ఉండాలి, స్మార్ట్ ఫోన్ లేని పెద్దవాళ్ళు సొంతంగా బండి నడుపుకుని డాక్టర్ దగ్గరకి వస్తారు, వాళ్ళని మర్చిపోతున్నారు.

డేటా సంగతి. ఇలాంటి దాడి జరిగితే ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కి, అంటే సైబర్ దాడులు చూసే కేంద్ర సంస్థకి, చెప్పాలని 2022 ఏప్రిల్‌లోనే ఆదేశాలు వచ్చాయి, అది ప్రభుత్వానికి చెప్పడం. మనకి చెప్పే సంగతి 2023 డేటా రక్షణ చట్టంలో ఉంది, డేటా పోతే ఎవరిది పోయిందో వాళ్ళకి చెప్పాలి, చెప్పకపోతే 200 కోట్ల దాకా, సరైన భద్రత పెట్టకపోతే 250 కోట్ల దాకా జరిమానా. కానీ దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై చేస్తూ కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలలు టైమ్ ఇచ్చారు. అప్పటిదాకా ఆగాలని ఎక్కడా లేదు, చెప్పాలనుకున్న కంపెనీ ఇవాళే ఒక ఎస్ఎంఎస్ పంపొచ్చు, పార్కింగ్ ఛార్జీ పెంచినప్పుడు పంపుతున్నారుగా. అసలు పార్కింగ్‌కి నా పుట్టినరోజు ఎందుకు, కాంటాక్ట్స్ పర్మిషన్ ఎందుకు, ఏడాది కిందటి నా రాకపోకలు ఎందుకు దాచుకోవాలి? వాళ్ళ దగ్గర లేనిది ఎవడూ ఎత్తుకుపోలేడు.

మీ విలేకరులని ఒక్కసారి ఊళ్ళో పెద్ద హాస్పిటళ్ళ సెల్లార్లకి పంపించండి సార్, సర్వర్ పడిపోతే ఈ గేటు ఎలా లేస్తుంది అని గేటు దగ్గరున్న మనిషిని అడగమనండి, మేనేజర్ని కాదు. ఇలా ఇరుక్కున్న పాఠకులు ఉంటే వాళ్ళు కూడా రాయాలని కోరుతున్నా. డబ్బులు పోయినవాళ్ళు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నా 40 రూపాయలు ఇంకా తిరిగి రాలేదు, అది పెద్ద విషయం కాదు. వచ్చే మంగళవారం మళ్ళీ అమ్మని తీసుకుని అదే సెల్లార్‌లోకి దిగాలి, కారు డిక్కీలో స్పానర్ పెట్టుకున్నా.

ఇట్లు,
మీ పాఠకురాలు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్